మరణశయ్య యొద్ద వైద్యుడు: వరంగల్లు నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

అంత్యదశలో ఉన్న రోగికి సేవచేసే వైద్యుడు ఏ మార్గాన ఆ పనికి వచ్చాడు? అతని పూర్వానుభవం ఆ సేవను ఎలా మలచింది? ఈ వ్యాసంలో మేము ఈ రెండు ప్రశ్నలను పరిశీలిస్తున్నాము.

అమెరికన్ బాప్టిస్టు మిషను 1879లో హనుమకొండలో పని ప్రారంభించింది. అక్కడ సేవచేసిన జె. ఎస్. టింపనీ మిషనరీ, వైద్యుడు కూడా. మందు, ప్రార్థన ఒకే పిలుపులో భాగమైన తరమది. 1959లో కాకతీయ వైద్య కళాశాల స్థాపనతో వరంగల్లులోనే వైద్యులు తయారవసాగారు. అయితే దేశమంతటా వైద్యశిక్షణ ప్రధానంగా రోగం నయం చేయడం చుట్టూనే తిరిగింది. "ఇక ఇంటికి తీసుకెళ్ళండి" అనే మాట విన్న కుటుంబాలు సంఘకాపరులమైన మనకు కొత్త కాదు. ఆ మాట తరువాత నొప్పి మాత్రం రోగితోపాటే ఇంటికి వస్తుంది.

ఈ లోటును మొదట గుర్తించినవారి నేపథ్యం గమనించదగినది. ఇంగ్లాండులో సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తరువాత ఆసుపత్రి సంఘసేవకురాలు. 1957లో వైద్యురాలైంది, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించింది. నొప్పి శరీరానికే కాక మనస్సుకు, కుటుంబానికి, ఆత్మకు కూడా చెందినదని ఆమె బోధించింది. 1986లో బొంబాయిలో శాంతి అవేదన సదన్ స్థాపించిన ఎల్. జె. డిసౌజా శస్త్రవైద్యుడు. 1993లో కాలికట్‌లో ఉపశమన చికిత్సకు నాంది పలికినవారిలో ఒకరైన ఎం. ఆర్. రాజగోపాల్ ఆపరేషన్లలో మత్తు ఇచ్చే వైద్యుడు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో 2006లో ఈ సేవను ఆరంభించిన గాయత్రి పాలట్ కూడా అదే విభాగం నుండి వచ్చారు. వీరంతా మొదట వేరే విభాగాలలో పనిచేసినవారే. రోగి పక్కన నిలిచినప్పుడు చూచిన బాధే వీరిని ఇటు నడిపించింది.

వైద్యుని మనస్సు ఒక్కటే చాలదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తరువాత మార్ఫిన్ దొరకడం కష్టమైంది. 2014 సవరణ ఆ నిబంధనలను సులభతరం చేసింది. 2019 నుండి అమలైన ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికలో ఉపశమన చికిత్సకు చోటు లభించింది. గనుక నేటి విద్యార్థి తన పూర్వికులు అనుభవంతో నేర్చుకొన్నదానిని తరగతిలోనే నేర్చుకొనగలడు.

ఈ చరిత్ర మనకు బోధించేదేమి? బాధను ఓర్చుకొమ్మని చెప్పడమే ఆదరణ కాదు. నొప్పికి మందు ఉన్నదని, దానిని అడగడం విశ్వాసలోపం కాదని కుటుంబానికి తెలియజేయడం కూడా మన పరిచర్యలో భాగమే. వైద్యుడు, కాపరి ఒకే మంచం పక్కన కలిసి నిలువవలసిన కాలమిది.