దోహా గడపలో జర్మనీ

2022 మార్చిలో జర్మనీ ఉప ఛాన్సలర్, ఆర్థిక మంత్రి రాబర్ట్ హాబెక్ ఖతార్ రాజధాని దోహాకు వెళ్ళారు. అక్కడి వాణిజ్య మంత్రితో కరచాలనం చేస్తూ ఆయన ముందుకు వంగిన ఛాయాచిత్రం జర్మనీలో పెద్ద చర్చ రేపింది. హాబెక్ సాహిత్య సౌందర్యశాస్త్రంలో పరిశోధన చేసిన రచయిత, పర్యావరణ ఉద్యమం నుంచి పుట్టిన గ్రీన్ పార్టీ నాయకుడు. అటువంటి వ్యక్తి సహజవాయువు కోసం ఒక రాచరికం గడప తొక్కవలసి వచ్చింది.

ఈ అవసరానికి మూలం 1970లలో ఉంది. ఆ దశకంలోనే పశ్చిమ జర్మనీ సోవియట్ వాయువును గొట్టపు మార్గాల ద్వారా కొనడం మొదలుపెట్టింది. వ్యాపారబంధం బలపడితే యుద్ధభయం తగ్గుతుందన్నది ఆనాటి రాజనీతి. 2021 నాటికి జర్మనీ దిగుమతి చేసుకునే వాయువులో సగానికి పైగా రష్యాదే. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తడంతో ఆ నమ్మకం కూలింది. మూడు రోజులకు ఛాన్సలర్ ఓలాఫ్ షోల్ట్స్ ఇది ఒక యుగసంధి అని పార్లమెంటులో ప్రకటించారు. ఓడల్లో వచ్చే ద్రవీకృత వాయువును దించుకోవడానికి అప్పటికి జర్మన్ తీరంలో ఒక్క టెర్మినల్ కూడా లేదు.

ఖతార్ నడిచిన దారి వేరు. ముత్యాల వేట మీద బతికిన ఆ చిన్న ద్వీపకల్పం 1916 నుంచి బ్రిటిష్ రక్షణలో ఉండి, 1971లో స్వతంత్రమైంది. దాని ఉత్తరాన సముద్రగర్భంలో అపారమైన వాయునిక్షేపం బయటపడింది కూడా ఆ ఏడాదే. 2006 నాటికి ఖతార్ ద్రవీకృత వాయువు ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. జపాన్, దక్షిణ కొరియా, భారత్ వంటి ఆసియా దేశాలు దీర్ఘకాలిక ఒప్పందాలతో దానికి స్థిరమైన ఖాతాదారులయ్యాయి. జర్మనీ వచ్చేసరికి వరుస అప్పటికే పెద్దది.

ఖతార్ ప్రజాస్వామ్యం కాదని, అక్కడి మానవహక్కుల పరిస్థితి సరిగా లేదని హాబెక్ దాచలేదు. అయినా పొరుగుదేశం మీద దండెత్తిన రాజ్యానికీ దీనికీ తేడా ఉందన్నది ఆయన వాదన. ఆ తేడా నిజమే, కానీ బేరంలో ఆ వాదన బలమేమీ కాలేదు. 2045 నాటికి కర్బన తటస్థత సాధించాలనుకున్న జర్మనీ సుదీర్ఘ ఒప్పందానికి వెనకాడింది. ఖతార్ కోరింది దానినే. నవంబరు 21న చైనా సంస్థ సినోపెక్ ఏటా 40 లక్షల టన్నులకు 27 ఏళ్ళ ఒప్పందం చేసుకుంది. 23న ఖతార్‌లో ప్రపంచకప్ ఆటకు ముందు జర్మన్ క్రీడాకారులు నోటికి చేయి అడ్డుపెట్టి ఫిఫా ఆంక్షలకు నిరసన తెలిపారు. 29న, అమెరికా సంస్థ కోనోకోఫిలిప్స్ ద్వారా 2026 నుంచి ఏటా 20 లక్షల టన్నుల వరకు, కనీసం 15 ఏళ్ళపాటు జర్మనీకి వాయువు పంపే ఒప్పందాన్ని ఖతార్ ప్రకటించింది. నిరసనకూ ఒప్పందానికీ మధ్య గడిచింది ఆరు రోజులు.

దీనిని కపటమని తేల్చేయడం సులభం. కానీ బయటి నుంచి వచ్చిన ఒత్తిడికి ఫలితం లేకపోలేదు. యజమాని అనుమతి లేనిదే ఉద్యోగం మారనివ్వని కఫాలా నిబంధనను ఖతార్ 2020లో తొలగించింది. 2021 మార్చి నుంచి నెలకు 1000 రియాళ్ళ కనీస మూలవేతనం అమలులోకి తెచ్చింది. అమలులో లోపాలున్నాయని హక్కుల సంస్థలు ఇప్పటికీ చెబుతున్నా, ఆ చట్టాలు జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వెళ్ళే కార్మికుల బతుకులను తాకేవే.

2024 ఫిబ్రవరిలో భారత్ సంస్థ పెట్రోనెట్ ఖతార్‌తో తన ఒప్పందాన్ని 2048 వరకు పొడిగించుకుంది. ఏటా 75 లక్షల టన్నులు, అంటే జర్మన్ ఒప్పందానికి దాదాపు నాలుగింతలు. వార్తల్లో ధర తగ్గింపే ముఖ్యాంశమైంది. మనస్సాక్షిని వాయువుతో తూచవలసి వచ్చినందుకు జర్మనీ బహిరంగంగా ఇబ్బంది పడింది. లక్షల మందిని ఆ ఎడారికి పనికి పంపుతున్న దేశంలో, కొనుగోలుదారుగా తనకున్న బలాన్ని వారి కోసం వాడుకోవచ్చునా అన్న ప్రశ్న చర్చకే రాలేదు.