ఉర్దూ ‘కఫన్’ తెలుగులో ‘ఒక ఊరి కథ’ అయింది: మృణాల్ సేన్ సినిమాకు రావాల్సిన గుర్తింపు వచ్చిందా?

వరంగల్: మున్షీ ప్రేమ్‌చంద్ రాసిన ‘కఫన్’ కథ ఉర్దూ చదివిన మన పెద్దవాళ్లలో చాలామందికి తెలుసు. అదే కథ తెలుగులో సినిమాగా వచ్చిందని మాత్రం తక్కువ మందికే తెలుసు. ఆ సినిమా పేరు ‘ఒక ఊరి కథ’. 1977లో వచ్చింది. తీసింది తెలుగు దర్శకుడు కాదు, బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్. దేశంలోని గొప్ప దర్శకుల పేర్లు చెప్పమంటే సత్యజిత్ రాయ్, రిత్విక్ ఘటక్‌లతో పాటు వినిపించే పేరు ఆయనది. తెలుగులో ఆయన తీసిన సినిమా ఇదొక్కటే.

అవార్డులు రాలేదా అంటే వచ్చాయి. 25వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. 1978లో కార్లోవీ వేరీ అంతర్జాతీయ చిత్రోత్సవంలో ప్రత్యేక జ్యూరీ అవార్డు కూడా వచ్చింది. అయినా మంచి తెలుగు సినిమాల గురించి మాట్లాడుకునేటప్పుడు దీని పేరు అరుదుగా వస్తుంది. ఇంతకీ ఇది నిజంగా అంత గొప్ప సినిమానేనా?

అసలు కథ ఏమిటి?

ప్రేమ్‌చంద్ అసలు పేరు ధన్‌పత్ రాయ్. 1880లో వారణాసి దగ్గర లమహీ గ్రామంలో పుట్టారు. మొదట్లో నవాబ్ రాయ్ పేరుతో ఉర్దూలోనే రాశారు. ‘కఫన్’ కూడా ముందు ఉర్దూలోనే అచ్చయింది. జామియా మిల్లియా ఇస్లామియా నుంచి వచ్చే ‘జామియా’ పత్రిక 1935 డిసెంబర్ సంచికలో వచ్చింది. ఆ తర్వాతే హిందీలోకి వెళ్లింది. 1936 అక్టోబర్‌లో ఆయన కన్నుమూశారు. అంటే ఇది ఆయన చివరి రోజుల కథ.

కథ చిన్నదే. ఘీసూ, మాధవ్ తండ్రీకొడుకులు. చలి రాత్రి గుడిసె ముందు మంట దగ్గర కూర్చుని, ఎవరి పొలంలోనో తవ్వి తెచ్చిన ఆలుగడ్డలు కాల్చుకుని తింటుంటారు. లోపల మాధవ్ భార్య బుధియా పురుటి నొప్పులతో అల్లాడుతుంటుంది. ఒకరు లేచి లోపలికి వెళ్తే రెండోవాడు ఎక్కువ తినేస్తాడని ఇద్దరూ కదలరు. తెల్లారేసరికి ఆమె చనిపోయి ఉంటుంది. కఫన్ కోసం ఊళ్లో అడిగితే జమీందారు రెండు రూపాయలిస్తాడు. మిగతావాళ్లు తలా కొంత ఇస్తే ఐదు రూపాయలవుతాయి. ఆ డబ్బుతో ఇద్దరూ బజారుకు పోయి తాగి, కడుపునిండా తింటారు.

కఫన్ అన్న మాట మన ఇళ్లల్లో తేలిగ్గా పలికేది కాదు. మయ్యత్‌కు కఫన్ ఇవ్వడం, దఫన్ చేయడం ఫర్జ్-ఎ-కిఫాయా అని మనకు తెలుసు. చనిపోయినవారి దగ్గర ఏమీ లేకపోతే బంధువులు, వాళ్లకూ స్తోమత లేకపోతే బస్తీ మొత్తం బాధ్యత తీసుకోవాలి. అందుకే ఈ కథ మనకు ఇంకా గట్టిగా తగులుతుంది. బతికున్నప్పుడు ఒంటికి సరైన బట్ట ఇవ్వని ఊరు, చనిపోయాక కొత్త బట్టకు చందా వేస్తుంది. ప్రేమ్‌చంద్ పట్టుకున్నది ఈ సంగతినే.

సినిమాలో మారింది ఏమిటి?

సినిమాలో తండ్రి పేరు వెంకయ్య, కొడుకు కిష్టయ్య, కోడలు నీలమ్మ. వెంకయ్యగా ఎం.వి. వాసుదేవరావు నటించారు. కన్నడ ‘చోమన దుడి’కి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు అందుకున్న నటుడాయన. కిష్టయ్యగా జి. నారాయణరావు, నీలమ్మగా మమతా శంకర్ నటించారు. మాటలు యండమూరి వీరేంద్రనాథ్ రాశారు. కెమెరా కె.కె. మహాజన్.

వెంకయ్య లెక్క సూటిగా ఉంటుంది. కష్టం మనది, లాభం దొరది. ఎంత పని చేసినా మన ఖాతాలో మిగిలేది సున్నా. అలాంటప్పుడు పని ఎందుకు చేయాలి? ఈ మాట వరంగల్ చుట్టుపక్కల ఊళ్లకు కొత్త కాదు. వెట్టి చేసిన తాతల కథలు విన్న ప్రాంతం ఇది. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి, తన భూమి కోసం ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీది మన జనగామ ప్రాంతమే. బందగీ ఎదురు నిలబడ్డాడు. వెంకయ్య పని మానేశాడు. ఇద్దరి దారులు వేరు, ఇద్దరినీ అక్కడికి నెట్టిన అన్యాయం మాత్రం ఒకటే.

అయితే సినిమా అసలు బలం వెంకయ్య కాదు, నీలమ్మ. ప్రేమ్‌చంద్ కథలో బుధియా మనకు కనిపించదు. తలుపు వెనక నుంచి మూలుగు వినిపిస్తుంది, అంతే. ఆమె వచ్చాక ఆ ఇల్లు ఎలా నడిచిందో రచయిత నాలుగు మాటల్లో చెప్పి వదిలేస్తారు. మృణాల్ సేన్ ఆ తలుపు తీశారు. నీలమ్మ కోడలిగా వస్తుంది, కూలి పని చేస్తుంది, ఇల్లు నిలబెట్టాలని చూస్తుంది. ఆమె కష్టం మీదే మగవాళ్లిద్దరూ తింటారు. దొర మమ్మల్ని దోచుకుంటున్నాడనే వెంకయ్య, తన ఇంట్లో కోడలికి అదే చేస్తాడు. కథలో రెండు మూడు వాక్యాల్లో ఉన్న ఈ సంగతి సినిమాలో కళ్లముందు జరుగుతుంది. చివరకు ఆమె చనిపోయినప్పుడు మనం బాధపడేది ఎవరో ఒక మూలుగు ఆగిందని కాదు, మనకు తెలిసిన మనిషి పోయిందని. ముగింపు ఎలా ఉంటుందో ఇక్కడ చెప్పడం లేదు, చూడాల్సిందే.

ఎందుకు మరుగున పడింది?

అదే 1977లో సత్యజిత్ రాయ్ కూడా ప్రేమ్‌చంద్ కథనే తీసుకుని ‘షత్రంజ్ కే ఖిలాడీ’ తీశారు. సంజీవ్ కుమార్, సయీద్ జాఫ్రీ, అమ్జద్ ఖాన్ లాంటి పెద్ద నటులు, లక్నో నవాబీ దర్బార్, ఉర్దూ అందం అన్నీ అందులో ఉన్నాయి. దానికి ఉత్తమ హిందీ చిత్రం అవార్డు వచ్చిన ఏడాదే దీనికి ఉత్తమ తెలుగు చిత్రం అవార్డు వచ్చింది. ఒకటి దేశమంతా చూసింది, రెండోది తెలుగువాళ్లే సరిగ్గా చూడలేదు. ఆ ఏడాది మన థియేటర్లలో ‘అడవి రాముడు’, ‘దాన వీర శూర కర్ణ’ నడిచాయి. స్టార్లు, డ్యూయెట్లు లేని సినిమాకు చోటు దొరకడం కష్టమే.

ఇంకో రెండు మూడేళ్లకు బెంగాల్ నుంచే వచ్చిన గౌతమ్ ఘోష్, కృషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా ‘మా భూమి’ తీశారు. దాన్ని తెలంగాణ గుండెల్లో పెట్టుకుంది. ఎందుకంటే అందులో పోరాటం ఉంది, గెలుపు ఆశ ఉంది, పాట ఉంది. ‘ఒక ఊరి కథ’లో అవేవీ లేవు. ఓడిపోయిన పేదవాడిని, అందులోనూ మంచివాడు కాని పేదవాడిని చూపించే సినిమాను ప్రేమించడం అంత సులువు కాదు.

అభ్యంతరం కూడా ఉంది

ప్రేమ్‌చంద్ కథలో ఘీసూ, మాధవ్ చమార్ కులానికి చెందినవాళ్లు. అణగారిన కులం వాళ్లను సోమరులుగా, మనసు లేనివాళ్లుగా చూపించారని కొందరు దళిత రచయితలు ఈ కథను విమర్శించారు. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. సినిమా కూడా ఈ ప్రశ్న నుంచి పూర్తిగా తప్పించుకోలేదు. కానీ నీలమ్మ ఉండటం వల్ల ఒక తేడా వచ్చింది. ఆ గుడిసెలోనే రాత్రింబవళ్లు కష్టపడే మనిషి ఉందని, ఆమె కష్టానికీ ఫలితం దక్కలేదని ప్రేక్షకుడు చూస్తాడు. అప్పుడు తప్పు పేదవాడి బద్ధకంలో ఉందని అనుకుని లేచిపోవడం కుదరదు.

మరి మనకేంటి?

మన ఇళ్లల్లో ఇప్పుడు చాలామంది పిల్లలు ఉర్దూ మాట్లాడతారు గానీ చదవలేరు. స్కూల్లో తెలుగు, ఇంగ్లీషు. ‘కఫన్’ లాంటి కథలు వాళ్లకు అలమారలోనే ఉండిపోతాయి. ‘ఒక ఊరి కథ’ ఆ రెండు భాషల మధ్య తలుపు. దానికి గుర్తింపు దక్కాలనడానికి కారణం పెద్ద దర్శకుడి పేరో, అవార్డో కాదు. ఉర్దూ కథను తెలుగు ఊరికి తెచ్చి, అసలు కథలో ముఖం లేని ఆడమనిషికి ముఖం ఇచ్చింది. ఇంట్లో ఉర్దూ చదవగల పెద్దలెవరైనా ఉంటే ముందు కథ చదివి వినిపించమనండి, పావుగంట, అరగంట పని. తర్వాత పిల్లలతో కలిసి సినిమా చూడండి. నీలమ్మ గురించి వాళ్లేమంటారో అడగండి.