కోడిమాంసం, ఆకుకూరలు: పోషక విలువల పోలిక, దాని చరిత్ర

కోడిమాంసం, ఆకుకూరల్లో ఏది బలమైన తిండి అన్న చర్చ పోషకాహార శాస్త్రం పుట్టిననాటి నుంచీ ఉంది. జవాబు మాత్రం కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. ఆహారంలో దేన్ని కొలవడం చేతనైతే శాస్త్రవేత్తలు దానికే పెద్దపీట వేశారు. మాంసకృత్తులు, కేలరీలు కొలిచిన 19వ శతాబ్దంలో మాంసానిదే పైచేయి. విటమిన్లు బయటపడ్డాక ఆకుకు గౌరవం పెరిగింది. తిన్నదాంట్లో ఒంటబట్టేది ఎంత అని అడగడం మొదలయ్యాక పాత లెక్కలన్నీ మళ్లీ సరిచూడాల్సి వచ్చింది.

నేటి పట్టికల ప్రకారం, చర్మం తీసి వండిన కోడి రొమ్ముమాంసం 100 గ్రాముల్లో సుమారు 165 కేలరీలు, 31 గ్రాముల మాంసకృత్తులు, మూడున్నర గ్రాముల కొవ్వు ఉంటాయి. పీచు ఉండదు, విటమిన్ సి లేనట్టే. పచ్చి పాలకూర 100 గ్రాముల్లో 23 కేలరీలు, మూడు గ్రాముల లోపు మాంసకృత్తులు. అయితే అందులో విటమిన్ సి 28 మిల్లీగ్రాములు, ఫోలేట్ 190 మైక్రోగ్రాములకు పైగా ఉంటాయి. విటమిన్ కె అయితే పెద్దవాళ్లకు ఒక రోజుకు కావలసినదానికి నాలుగు రెట్లు. పాలకూరలో నూటికి తొంభై వంతులకు పైగా నీరే కాబట్టి బరువుకు బరువు పోల్చడం ఆకుకు అన్యాయం. కేలరీకి కేలరీ పోలిస్తే మాంసకృత్తుల్లో తేడా చాలా తగ్గుతుంది. కానీ 100 కేలరీల కోసం నాలుగు వందల గ్రాములకు మించి ఆకు తినాలి, అది పిల్లల పొట్టకు పట్టదు. ఏ కొలత పట్టుకుంటే ఆ ఫలితమే వస్తుందన్న ఈ చిక్కు చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

తొలి లెక్కలు

చరక సంహిత సూత్రస్థానంలోని అన్నపాన విధి అధ్యాయం ఆహారాన్ని వర్గాలుగా విడదీసి, మాంసవర్గాన్నీ శాకవర్గాన్నీ వేర్వేరుగా వివరించింది. కోడిమాంసాన్ని బలాన్నిచ్చేదిగా చెప్పింది. ఆకుకూరలను వాటి వాటి గుణాలను బట్టి, ఏ దోషానికి ఏది పనికొస్తుందో చూసి చెప్పింది. అక్కడ కొలత లేదు, అనుభవం ఉంది.

కొలత యూరప్‌లో మొదలైంది. డచ్చి రసాయన శాస్త్రవేత్త గెరిట్ ముల్డర్ 1838లో ప్రొటీన్ అన్న మాటను శాస్త్రంలోకి తెచ్చాడు. జర్మనీలో యూస్టస్ ఫాన్ లీబిగ్ కండబలానికి అసలు మూలం ప్రొటీనేనని బోధించాడు. అమెరికా వ్యవసాయ శాఖ తరఫున విల్బర్ ఆట్‌వాటర్ 1896లో ఆహార పదార్థాల రసాయనిక కూర్పుపై పట్టికలు వెలువరించాడు. ప్రొటీన్, కొవ్వు, పిండిపదార్థం, శక్తి అన్న ఆ గడుల్లో ఆకుకూరలకు చూపించుకోవడానికి ఏమీ లేకపోయింది. డబ్బు పెట్టి నీళ్లు కొనుక్కోవడమే అన్నట్టుగా ఆకుకూర ఆ లెక్కల్లో తేలిపోయింది. ఆ తరం శాస్త్రవేత్తల నిజాయితీని శంకించనక్కర్లేదు. వాళ్ల పట్టికలో విటమిన్లకు గడే లేదు.

కోడిపిల్లలు చూపిన దారి

ఆ గడిని చేర్చడంలో కోళ్ల పాత్ర చాలా పెద్దది. 1890లలో బటావియాలో, అంటే నేటి జకార్తాలో, క్రిస్టియాన్ ఐక్‌మన్ ప్రయోగశాల కోళ్లకు బెరిబెరి లాంటి నరాల జబ్బు వచ్చింది. అవి సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లబియ్యపు అన్నం తింటున్నాయి. మేత మార్చగానే కోలుకున్నాయి. బియ్యం పైపొరలో ప్రాణాధారమైనదేదో ఉందన్న ఆలోచనకు అదే పునాది. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది.

1920ల చివర కోపెన్‌హేగెన్‌లో హెన్రిక్ డామ్ కొవ్వు తీసేసిన మేతతో కోడిపిల్లల్ని పెంచాడు. వాటికి ఒంట్లో రక్తస్రావం జరిగింది, రక్తం త్వరగా గడ్డకట్టలేదు. లూసర్న్ గడ్డి లాంటి పచ్చని ఆకుల్లో ఉన్న పదార్థం ఆ జబ్బును నయం చేసింది. విటమిన్ కె అలా దొరికింది. డామ్‌కూ, దాని రసాయన స్వరూపాన్ని తేల్చిన ఎడ్వర్డ్ డోయిసీకీ కలిపి 1943 నోబెల్ బహుమతి ఇచ్చారు. మాంసమే బలమనుకున్న కాలం ముగిశాక, కోడి ప్రాణం నిలబడటానికే ఆకు కావాలని ప్రయోగశాల చూపించింది.

ఫోలేట్ లేదా ఫోలిక్ ఆమ్లం కథ ఇంకా దగ్గరిది. బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు వచ్చే రక్తహీనతను 1928 నుంచి లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు పరిశోధించింది. ఈస్ట్ సారం ఇస్తే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులోని మందు ఏమిటో అప్పటికి తెలియదు. 1940లో కోడిపిల్లల రక్తహీనతను అడ్డుకునే పదార్థాన్ని అమెరికా శాస్త్రవేత్తలు గుర్తించారు. 1941లో టెక్సస్ విశ్వవిద్యాలయ బృందం నాలుగు టన్నుల పాలకూర నుంచి ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసింది. ఈ దారులన్నీ ఒకే పదార్థం దగ్గర కలిశాయి. దాన్ని 1945లో కృత్రిమంగా తయారు చేసింది న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాల. అక్కడ పరిశోధనలకు నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గర్భధారణకు ముందు నుంచీ ఫోలిక్ ఆమ్లం ఇస్తే బిడ్డకు వెన్నుపాము లోపాలు తగ్గుతాయని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నిరూపించింది. ఆకుకూర గురించి మనవాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ కథ ఇది.

ఆకుల్లో దొరకని విటమిన్ కూడా 1940లలోనే తేలింది. 1948లో అమెరికా, బ్రిటన్‌లలో విడివిడిగా వేరుచేసిన బి12ను సూక్ష్మజీవులే తయారు చేస్తాయి. అది మాంసం, గుడ్లు, పాలలో ఉంటుంది, ఆకుల్లో ఉండదు. ఎన్ని కట్టల తోటకూర తిన్నా ఈ లోటు తీరదు.

కూనూరు నుంచి హైదరాబాద్‌కు

మన దేశంలో ఈ శాస్త్రం కూనూరులో వేళ్లూనుకుంది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అక్కడ బెరిబెరి పరిశోధన ప్రారంభించాడు. దేశంలోని వివిధ ప్రాంతాల భోజనాలను ఎలుకలకు పెట్టి చూశాడు. గోధుమ రొట్టెలు, పాలు, పప్పు, కూరగాయలతో కూడిన సిక్కుల భోజనం అన్నిటికన్నా మెరుగని, పాలిష్ బియ్యంపై ఆధారపడిన దక్షిణాది భోజనం అడుగున ఉందని తేలింది. ఆయన తర్వాత వచ్చిన వాలస్ ఎయ్‌క్రాయిడ్ 1937లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికను అచ్చువేయించాడు. కూనూరులోని ఈ పరిశోధన సంస్థ 1958లో హైదరాబాద్‌కు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. సి. గోపాలన్, బి.వి. రామశాస్త్రి, ఎస్.సి. బాలసుబ్రమణియన్ కూర్చిన పట్టికల పుస్తకం 1971లో వచ్చింది. దశాబ్దాలపాటు డైటీషియన్ల బల్లమీద ఉన్న పుస్తకం అదే.

ఆకుకూరల్లో ఇనుము గురించిన నమ్మకం ఆ పుస్తకం పాత, సవరించిన కూర్పుల మధ్య ఎంతో మారింది. మునుపటి పట్టికలో పాలకూర 100 గ్రాములకు ఇనుము 10.9 మిల్లీగ్రాములు, లేత తోటకూరకు 25.5. కొత్త పద్ధతులతో కొలిచి 1989లో సవరించినప్పుడు అవి సుమారు 1.1కీ 3.5కీ పడిపోయాయి. పాలకూరలో ఇనుము ఎక్కువన్న నమ్మకానికి దశాంశ బిందువు పొరపాటే కారణమన్న కథ పాశ్చాత్య దేశాల్లో ప్రచారంలో ఉంది. బ్రిటన్‌కు చెందిన మైక్ సటన్ 2010లో వెతికితే దానికి ఆధారమే దొరకలేదు. మన పట్టికల సవరణ మాత్రం అచ్చులో ఉన్న సత్యం. అయినా పాత అంకెలు పత్రికల్లో, వంటల పుస్తకాల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. పాఠకులు వాటిని నమ్మకూడదు. దేశంలోని ఆరు ప్రాంతాల నుంచి సేకరించిన 528 పదార్థాలతో 2017లో వచ్చిన పట్టికలే ఇప్పుడు ప్రామాణికం.

ఒంటబట్టేది ఎంత?

పట్టికలో ఉన్నదంతా పేగు పీల్చుకోదు. పాలకూర కాల్షియం ఆక్సలేట్‌తో ముడిపడి ఉండటం వల్ల నూటికి ఐదు వంతులే ఒంటబడుతుందని, పాలలో అయితే పావు వంతుకు పైగా ఒంటబడుతుందని 1988లో రాబర్ట్ హీనీ బృందం చూపించింది. మాంసంలో కొంత ఇనుము హీమ్ రూపంలో ఉండి తేలిగ్గా రక్తంలో కలుస్తుంది. ఆకులోనిదంతా వేరే రూపం. దాన్ని ఆక్సలేట్లు, ఫైటేట్లు, భోజనంతో తాగే టీ అడ్డుకుంటాయి. నిమ్మరసం, ఉసిరి లాంటి పుల్లని విటమిన్ సి పదార్థాలు సాయపడతాయి. 1960ల చివర వెనిజులాలో మిగుయేల్ లైరిస్ బృందం ఇంకో సంగతి గమనించింది. గింజధాన్యాలూ పప్పుల్లోని ఇనుమును మాంసంతో కలిపి తింటే అది ఎక్కువగా ఒంటబడుతోంది. అంటే చిన్న ముక్క కోడిమాంసం పక్కనున్న ఆహారపు విలువను కూడా పెంచుతుంది. కోడి రొమ్ముమాంసంలో ఇనుము 100 గ్రాములకు ఒక మిల్లీగ్రామేనన్నది కూడా గుర్తుంచుకోవాలి.

విటమిన్ ఎ విషయంలో చర్చ మరింత వేడిగా సాగింది. ఆకుల్లో బీటా కెరోటిన్ ఉంటుంది, శరీరం దాన్ని విటమిన్ ఎగా మార్చుకోవాలి. హైదరాబాద్ సంస్థ పరిశోధకులు 1970లో పోషకాహార లోపం ఉన్న పిల్లలపై చేసిన అధ్యయనంలో ఆకుకూర కెరోటిన్ ఒంటబడుతుందని తేల్చారు. కొద్దిగా నూనె కలిస్తే మరింత బాగా ఒంటబడుతుందని 1980లో చూపించారు. అయితే ఇండోనేషియాలో బాలింతలకు రోజూ ఆకుకూరలు పెట్టినా విటమిన్ ఎ పెరగలేదని, అంతే కెరోటిన్ బిస్కట్‌లో కలిపి ఇస్తే పెరిగిందని 1995లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఆ తర్వాత 2001లో అమెరికా నిపుణుల సంఘం మార్పిడి లెక్కను మార్చింది. ఒక పాలు విటమిన్ ఎకు ఆరు పాళ్ల కెరోటిన్ చాలన్న పాత అంచనాను పన్నెండు పాళ్లుగా సవరించింది. ఆకు విలువ సగమైందని కొందరన్నారు. అది తొందరపాటు మాట. కోడి కండలో విటమిన్ ఎ మరీ తక్కువ. అది దండిగా ఉండేది కాలేయంలోనూ, గుడ్డు పచ్చసొనలోనూ. అందుబాటులో ఉండే, ఖర్చు తక్కువ మార్గం పేదింటికి ఇప్పటికీ ఆకుకూరే.

కోడీ మారింది, ఆకూ మారింది

1948లో అమెరికాలో జరిగిన ‘రేపటి కోడి’ పోటీ త్వరగా బరువెక్కే జాతుల్ని ముందుకు తెచ్చింది. సుమారు అప్పుడే లెడర్లీలో యాంటీబయోటిక్ అవశేషాలు తిన్న కోడిపిల్లలు వేగంగా పెరుగుతున్నాయని థామస్ జ్యూక్స్ గమనించాడు. మందులతో పెంచే పద్ధతికి అది నాంది. ఈనాడు ఆ అలవాటు సృష్టిస్తున్న మొండి సూక్ష్మజీవుల బెడదను మాంసం పోషక విలువతో పాటు లెక్కలోకి తీసుకోవాల్సిందే. మనదేశంలో బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్, 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ప్రారంభించాక కోడి పండగ వంటకం స్థాయి దాటి వారపు వంటకమైంది. ఆకుకూరల వైపు చూస్తే, అమెరికాలో 43 తోట పంటలపై 1950, 1999 అంకెల్ని పోల్చిన డొనాల్డ్ డేవిస్ బృందం ప్రొటీన్, కాల్షియం, ఇనుముతో సహా ఆరు పోషకాలు తగ్గాయని 2004లో రాసింది. దిగుబడి కోసం రకాలు మార్చడమే కారణం కావచ్చని వాళ్ల అభిప్రాయం.

తెలుగునాట పప్పులో ఆకు వేసి నెయ్యి కలుపుకునే అలవాటు, పుల్లని గోంగూరతో కోడి వండుకునే అలవాటు శాస్త్రం కన్నా ముందు నుంచీ ఉన్నవే. రెండూ కొవ్వుతోనో, పులుపుతోనో, మాంసంతోనో ఆకు విలువను పెంచేవే. ఆకు ఉడికించిన నీళ్లు పారబోస్తే మాత్రం విటమిన్ సి, ఫోలేట్ ఆ నీళ్లతోనే పోతాయి. తెలంగాణలో 2015 నుంచి అమలవుతున్న ఆరోగ్య లక్ష్మి పథకంలో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో రోజూ ఒక గుడ్డు, పాలు, ఒక పూట భోజనం ఇస్తున్నారు. ఆ భోజనంలో గుడ్డుతో పాటు ఆకుకూర కూడా తప్పకుండా ఉండేలా ప్రభుత్వాలూ, తల్లులూ చూసుకోవాలి.