ఉప్పెన లెక్కల్లోకి రాని పిల్లలు

శ్రీకాకుళం అనగానే అందరికీ ఉత్తరాంధ్ర జిల్లాయే గుర్తొస్తుంది. నేను చెబుతున్నది కృష్ణ ఒడ్డున, ఘంటసాల మండలంలో ఉన్న శ్రీకాకుళం గురించి. ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. కళింగ దండయాత్రకు వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఆగాడనీ, దేవుడు కలలో కనిపించి గోదాదేవి కథ తెలుగులో రాయమన్నాడనీ 'ఆముక్తమాల్యద' చెబుతుంది. సాహిత్య పరిశోధకురాలిగా నన్ను ఆ ఊరికి తీసుకెళ్ళింది ఆ కావ్యమే. ఒక ఆడపిల్ల లోలోపల కుమిలిపోతుంటే కావ్యభాష దానికి విరహమని పేరు పెట్టింది, అందంగా వర్ణించింది, చివరికి పెళ్ళితో కుదిర్చింది. ఊళ్ళలో అదే స్థితిని గాలి సోకడం అంటారు. మందు మాత్రం అక్కడా పెళ్ళే.

నది వెంట కిందికి వెళ్తే పులిగడ్డ దగ్గర అది రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్యదే దివిసీమ. ఇక్కడి వాళ్ళు కాలాన్ని ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అని కొలుస్తారు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. అది పుస్తకాల్లో మిగిలింది. 1977 నవంబరు 19 నాటిది మనుషుల్లో మిగిలింది. అధికారిక లెక్కల్లోనే మృతులు సుమారు 10,000. శవాలను లెక్కపెట్టారు, పశువులను లెక్కపెట్టారు, కూలిన ఇళ్ళను లెక్కపెట్టారు. సాయం వచ్చింది, ఇళ్ళు లేచాయి, తుపాను షెల్టర్లు కట్టారు. ఇదంతా చిన్న పని కాదు. కానీ తల్లి చేయి జారిపోవడం చూసి బతికి బయటపడ్డ పిల్ల ఆ తర్వాత ఎలా నిద్రపోయిందో రాసుకోవడానికి ఏ పట్టికలోనూ గడి లేదు.

కోడూరు వైపు ఒక పెద్దావిడ తన చెల్లెలి గురించి చెప్పింది. ఉప్పెన నాటికి ఆ పిల్లకు పదేళ్ళు. "ఏడుపు కూడా రాలేదమ్మాయ్. మాటే పోయింది. కాలవ దాటాలంటే ఒళ్ళంతా వణికేది." నాలుగేళ్ళకు పెళ్ళి చేశారు. ఆడపిల్ల పెళ్ళి వయసును చట్టం 18 ఏళ్ళకు పెంచింది 1978లో. ఆ సంగతి ఆ ఇంటిదాకా రాలేదు. కాన్పు తర్వాత దయ్యం పట్టిందన్నారు, వేపమండలతో కొట్టారు. ఎవరికైనా చూపించారా అని అడిగాను. "ఎవరికని చూపిస్తాం? అందరిదీ అదే బాధ గదా" అంది. ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఊరంతా ఏడుస్తున్నప్పుడు ఒక పిల్ల మౌనం జబ్బుగా కనబడదు.

చూపించడానికి మాత్రం ఏముంది గనక? బొంబాయిలో పిల్లల మానసిక సమస్యల కోసం చైల్డ్ గైడెన్స్ క్లినిక్ 1937లోనే మొదలైంది. డెల్టా వాళ్ళకు తెలిసినవి విశాఖపట్నం పిచ్చాసుపత్రి, హైదరాబాదు ఎర్రగడ్డ. రెండూ తిట్లుగా మారిన పేర్లు. 1912 నాటి ల్యూనసీ చట్టం 1993 దాకా నడిచింది. అది చూసింది అల్లరి చేసేవాళ్ళను, ఇతరులకు ప్రమాదం అనిపించేవాళ్ళను. మూలన కూర్చున్న ఆడపిల్ల ఎవరికి ప్రమాదం?

1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 1996లో జిల్లా కార్యక్రమానికి ఎంచుకున్న మొదటి నాలుగు జిల్లాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్ ఉంది. తీరం కాదు. విపత్తు తర్వాత మనసుకూ సాయం కావాలన్న ఆలోచన 2004 సునామీ నాటికి బలపడింది. నిమ్హాన్స్ వంటి సంస్థలు టీచర్లకు, గ్రామ కార్యకర్తలకు శిక్షణనిచ్చాయి. ఆ పిల్లకు అప్పటికి ముప్ఫై ఏడేళ్ళు.

స్త్రీవాదులం మనం కూడా ఆరోగ్యమంటే చాలాకాలం గర్భసంచి దగ్గరే ఆగిపోయామని నాకనిపిస్తుంది. భార్గవి దావర్ 1999లో భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యం మీద పుస్తకం తెచ్చాక చర్చ కొంత కదిలింది. అందులోనూ భార్యలు, తల్లులు కనిపించినంతగా పన్నెండేళ్ళ పిల్లలు మన రాతల్లో కనిపించరు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యాన్ని హక్కు చేసింది. మైనర్లను పెద్దవాళ్ళతో కలిపి ఉంచకూడదంది. మైనరు బాలికను చేర్చినప్పుడు ఆమె ప్రతినిధి మగవాడైతే, ఎప్పుడూ పక్కనే ఉండేలా ఒక ఆడమనిషిని నియమించాలంది. మంచి నిబంధనే, పిల్ల భద్రత కోసం పెట్టిందే. కానీ డెల్టాలో ఆ ఆడమనిషి ఎవరు? చాలా ఇళ్ళలో నాట్లకు, కలుపుకు కూలికి వెళ్ళే తల్లే. ఆ రోజుల కూలి ఎవరిస్తారో చట్టంలో లేదు.

2022 అక్టోబరులో టెలిమానస్ వచ్చింది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. 2023లో బందరుకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. దివిసీమ నుంచి బందరు దూరమేమీ కాదు. ఈ నంబరు గురించి నాగాయలంకలో కొందరు పొదుపు సంఘం ఆడవాళ్ళకు చెప్పాను. ఒకామె రాసుకుని, మళ్ళీ తలెత్తి అడిగింది: "ఫోను మా ఆయన దగ్గరుంటదండి. పిల్ల ఎప్పుడు మాట్లాడాలి?"