హిరోషిమా: ‘కాబట్టి’ అన్న ఒక్క మాట

అమెరికా అణుబాంబులు వేసింది, కాబట్టి జపాన్ లొంగిపోయింది. మనలో చాలామంది పరీక్షలో ఇలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ ‘కాబట్టి’ మీద చరిత్రకారుల వాదన మాత్రం ఇంకా తెగలేదు.

ముందు బాంబును సమర్థించేవారి మాట విందాం. 1945 జూన్‌లో ఒకినావా యుద్ధం ముగిసేసరికి 12,000 మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. జపాన్ సైనికులు, అక్కడి పౌరులు కలిసి లక్షకు ఎంతో మించి పోయారు. మార్చిలో ఒక్క రాత్రి కురిపించిన నిప్పు బాంబులకు టోక్యోలో సుమారు లక్షమంది బలైనా జపాన్ లొంగలేదు. నవంబరులో క్యూషూ దీవి మీద దండయాత్రకు ఏర్పాట్లు జరుగుతున్నాయి. యుద్ధం సాగిన ప్రతి రోజూ చైనాలో, ఆగ్నేయాసియాలో కూడా జనం చస్తూనే ఉన్నారు. దండయాత్ర జరిగితే అమెరికా పక్షానే మృతులు, క్షతగాత్రులు కలిసి పది లక్షలు దాటవచ్చన్న అంచనా ఉండేదని యుద్ధమంత్రి స్టిమ్సన్ 1947లో రాశాడు.

కాదనేవారి వాదనా తేలికైంది కాదు. జులై 26 నాటి పోట్స్‌డామ్ ప్రకటనలో చక్రవర్తిని ఉండనిస్తామన్న మాట లేదు. లొంగిపోయాక మాత్రం ఆయన్ని ఉండనిచ్చారు. ఆ మాటేదో ముందే అని ఉంటే? పైగా ఆగస్టు 8న సోవియట్ యూనియన్ యుద్ధం ప్రకటించి, మర్నాడే మంచూరియాలోకి చొరబడింది. 6న హిరోషిమా, 9న నాగసాకి, 15న చక్రవర్తి రేడియో ప్రసంగం. వీటిలో దేని బలమెంతో విడదీసి చెప్పడం కష్టం.

ఇంజనీరుగా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది బాంబు తయారుచేసినవారి మధ్య జరిగిన చర్చ. జర్మనీ దగ్గర బాంబు లేదని తేలగానే జోసెఫ్ రాట్‌బ్లాట్ పని మానేసి వెళ్లిపోయాడు. జేమ్స్ ఫ్రాంక్ నాయకత్వంలో షికాగో శాస్త్రవేత్తలు, ముందు జనం లేని చోట పేల్చి చూపించమని జూన్‌లో నివేదిక ఇచ్చారు. ఓపెన్‌హైమర్, ఫెర్మీ ఉన్న నిపుణుల బృందం, అలాంటి ప్రదర్శనతో యుద్ధం ఆగదని తేల్చింది. తొలి పరీక్ష జరిగిన మర్నాడు, జులై 17న, జిలార్డ్ 70 మంది సంతకాలతో విజ్ఞప్తి సిద్ధం చేశాడు. అది అధ్యక్షుడు ట్రూమన్ చేతికి చేరలేదు.

మా వృత్తిలో అంచనా వేస్తే, పని పూర్తయ్యాక అది తప్పో ఒప్పో బయటపడుతుంది. స్టిమ్సన్ అంచనాకు ఆ పరీక్ష లేదు. జరగని దండయాత్రలో ఎందరు చనిపోయేవారో ఎవరూ లెక్కకట్టలేరు. 1945 చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది నిజంగా చనిపోయారు. వారిలో చంటిపిల్లలున్నారు, బడిపిల్లలున్నారు.

మొదటి బాంబు విషయంలో ఇరుపక్షాల మాటా వినగలను. రెండోదాన్ని మాత్రం సమర్థించలేను. జవాబు ఆలోచించుకోవడానికి మూడు రోజులు చాలవు. పైగా ఆ రోజు గురి కొకురా నగరం. పైనుంచి సరిగ్గా కనబడలేదని విమానం నాగసాకికి మళ్లింది. ఏ ఊరు బతకాలో మబ్బులూ పొగా నిర్ణయించిన పనిని న్యాయమని ఎలా అనగలం?

ఈ పాఠం చెబుతున్న ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పిల్లలచేత జవాబు రాయించే ముందు ఆ ‘కాబట్టి’ మీద ఒక్క పీరియడ్ వాదించుకోనివ్వండి. రేపు వాళ్లలోనూ ఇంజనీర్లవుతారు. చేస్తున్న పని ఎవరి మీద పడుతుందో అడిగే అలవాటు బడిలోనే పడాలి.