‘డింగీ’ యంగ్: ఉత్తర సముద్రంలో ముగిసిన ప్రయాణం

1943 మే 17. తెల్లవారుజామున మూడు కావస్తుండగా ఒక లాంకాస్టర్ బాంబర్ విమానం నెదర్లాండ్స్ పడమటి తీరాన్ని దాటింది. ఎదురుగా ఉత్తర సముద్రం, దాని అవతల ఇంగ్లండ్. మరికొద్ది నిమిషాలు గడిస్తే ఆ విమానం తీరంలోని ఫిరంగులకు అందనంత దూరం వెళ్లిపోయేది. కానీ కాస్ట్రికమ్ ఆన్ జే అనే ఊరి దగ్గర జర్మన్ గుండ్లు తగిలి సముద్రంలో కూలింది. అందులో ఉన్న ఏడుగురిలో ఒక్కరూ బతకలేదు. విమానాన్ని నడుపుతున్న స్క్వాడ్రన్ లీడర్ హెన్రీ మెల్విన్ యంగ్‌కు మరో మూడు రోజుల్లో 28 ఏళ్లు నిండేవి.

తోటి వైమానికులు అతన్ని ‘డింగీ’ అని పిలిచేవారు. విమానం నీళ్లలో దిగవలసివస్తే ప్రాణాలు కాపాడే రబ్బరు తెప్ప పేరు అది. ఆ పేరు ఊరికే రాలేదు. 1940 అక్టోబరులో, 102వ స్క్వాడ్రన్‌లో ఉండగా, అట్లాంటిక్ మీద ఓడల రక్షణకు వెళ్లిన అతని విట్లీ విమానం ఇంజన్ చెడి సముద్రంలో దిగింది. యంగ్, అతని సహచరులు 22 గంటలు తెప్ప మీదే గడిపాక ఒక నౌక వచ్చి కాపాడింది. మరుసటి నెలలోనే ఇటలీలోని టురిన్‌పై దాడి చేసి తిరిగి వస్తూ ఇంగ్లండ్ దక్షిణ తీరం దగ్గర మళ్లీ సముద్రంలో దిగాడు, మళ్లీ బయటపడ్డాడు.

యంగ్ 1915 మే 20న లండన్‌లో పుట్టాడు. తల్లి అమెరికన్. చదువు కొంత అమెరికాలో సాగింది. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కళాశాలలో న్యాయశాస్త్రం చదివాడు. 1938లో కేంబ్రిడ్జ్‌ను ఓడించిన ఆక్స్‌ఫర్డ్ పడవ పందెం జట్టులో అతను తెడ్డు వేశాడు. యుద్ధంలో డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం రెండుసార్లు అందుకున్నాడు. 1942లో అమెరికాలో పెళ్లి చేసుకున్నాడు. ఆ కాపురం నిండా ఏడాది కూడా సాగలేదు.

1943 మార్చిలో గై గిబ్సన్ నాయకత్వాన 617వ స్క్వాడ్రన్ ఏర్పడింది. అందులో ఒక దళానికి యంగ్ నాయకుడయ్యాడు. జర్మనీలోని రూర్ పరిశ్రమలకు నీరిచ్చే ఆనకట్టలను పగలగొట్టడం వారికి అప్పగించిన పని. రాతితో కట్టిన మోనే ఆనకట్ట 40 మీటర్ల ఎత్తు, 650 మీటర్ల పొడవు. నీటిలో టార్పెడోలు రాకుండా దాని ముందు వలలు కట్టారు. ఆ వలలను దాటించడానికి బార్న్స్ వాలిస్ అనే ఇంజనీరు ఒక ఉపాయం కనిపెట్టాడు. పిల్లలు చెరువు నీటి మీద పెంకును గంతులు వేయించినట్టు, సుమారు 4,200 కిలోల బాంబును వెనక్కి గిరగిర తిప్పి వదిలితే అది నీటి మీద గంతులు వేస్తూ వెళ్లి గోడను తాకి, దాని వెంబడి మునిగి, లోతున పేలుతుంది. అందుకు విమానం రాత్రిపూట, నీటికి కేవలం 18 మీటర్ల ఎత్తున, గంటకు సుమారు 370 కిలోమీటర్ల వేగంతో నేరుగా గోడవైపు వెళ్లాలి.

మే 16 రాత్రి 19 విమానాల్లో 133 మంది బయలుదేరారు. మోనే దగ్గర మొదటి మూడు బాంబులు గోడను పగలగొట్టలేకపోయాయి. రెండో విమానం కూలిపోయింది కూడా. నాలుగోది యంగ్‌ది. అతని బాంబు మూడు గంతులు వేసి సరిగ్గా గోడను ఆనుకుని పేలింది. అయినా ఆనకట్ట నిలిచే ఉన్నట్టు కనిపించింది. ఐదో విమానం నడుపుతున్న డేవిడ్ మాల్ట్‌బీ దగ్గరికి వచ్చేసరికి గోడ పైభాగం అప్పటికే విరిగిపడుతోంది. అతని బాంబు కూడా పేలాక నీరు ఒక్కసారిగా విరుచుకుపడింది. మొదటి బీట యంగ్ బాంబు వల్లే పడిందన్న అభిప్రాయానికి మాల్ట్‌బీ కళ్లారా చూసిన ఈ దృశ్యమే గట్టి ఆధారం. తన బాంబు అయిపోయినా యంగ్ వెంటనే ఇంటిదారి పట్టలేదు. గిబ్సన్‌కు ఉపనాయకుడిగా మరో లక్ష్యమైన ఎడెర్ ఆనకట్ట దాకా వెళ్లి, అదీ పగిలాకే తిరుగుముఖం పట్టాడు.

ఆ రాత్రి ఎనిమిది విమానాలు పోయాయి. 53 మంది మరణించారు, ముగ్గురు బందీలుగా చిక్కారు. గిబ్సన్‌కు విక్టోరియా క్రాస్ వచ్చింది, తిరిగి వచ్చినవారిలో చాలామందికి పతకాలు దక్కాయి. యంగ్‌కు మాత్రం ఈ దాడికి ఏ పతకమూ రాలేదు. శత్రువు ఎదుట చూపిన సాహసానికి మరణానంతరం ఇవ్వదగినవి అప్పటి బ్రిటిష్ నియమాల ప్రకారం విక్టోరియా క్రాస్, అది కాకుంటే అధికారిక నివేదికలో ప్రస్తావన, ఈ రెండే.

చరిత్ర రాసేవాడు ఆనకట్ట దిగువకు కూడా దిగిచూడాలి. మోనే వరదలో 1,300 మందికి పైగా చనిపోయారు. వారిలో సగానికి పైగా జర్మనీ బలవంతంగా పట్టుకొచ్చిన విదేశీ కూలీలు, యుద్ధ ఖైదీలు. నేహైమ్ పట్టణం దగ్గరి శిబిరంలో తూర్పు ఐరోపా నుంచి తెచ్చిన మహిళా కూలీలు పెద్ద సంఖ్యలో కొట్టుకుపోయారు. వాళ్లు ఎవరికీ శత్రువులు కారు. ఆనకట్టను ఆ శరత్కాలానికే తిరిగి కట్టారు. జనం ప్రాణాలకు పెనునష్టం తెచ్చేటట్టయితే ఆనకట్టలపై దాడి చేయరాదని 1977 నాటి జెనీవా అదనపు ప్రోటోకాల్ 56వ అధికరణం నిర్దేశించింది.

జాడ తెలియకుండా పోయిన 20,000 మందికి పైగా వైమానికుల పేర్లు ఇంగ్లండ్‌లోని రన్నీమీడ్ స్మారకం గోడల మీద ఉన్నాయి. యంగ్ పేరు అక్కడ ఉండదు. రెండు వారాల్లోపే అలలు ఆ ఏడుగురి దేహాలనూ ఒడ్డుకు చేర్చాయి. హార్స్‌ఫాల్, రాబర్ట్స్, నికోల్స్, మెకాస్లాండ్, యో, ఇబట్సన్, వారి నాయకుడు యంగ్ నెదర్లాండ్స్‌లోని బెర్గెన్ శ్మశానంలో ఉన్నారు. వారి ధైర్యం నిజం, ఆ వరద కూడా నిజం. బెర్గెన్‌లో తల వంచేవారు నేహైమ్ మృతులకూ తల వంచాలి.