ధర తగ్గాక తేడా అడిగే హక్కు

ధర రాసి లేని చోట తేడా అడగడం కుదరదు. కొన్న వస్తువు నాలుగు రోజుల్లో చవకైతే అంగడికి వెళ్లి "తగ్గినంత మాకు తిరిగి ఇవ్వండి" అని అడగాలన్న ఆలోచన తట్టడానికే ముందు చాలా జరిగి ఉండాలి. వస్తువుకు అందరికీ ఒకే ధర ఉండాలి, అది కనిపించేలా రాసి ఉండాలి, కొన్నట్టు చేతిలో కాగితం ఉండాలి. ఇవేవీ ఒక్క రోజులో రాలేదు.

కోలారు జిల్లా ముళబాగిలు తాలూకా బైరకూరు వైపు నుంచి చూస్తే ఈ కథకు ఇంకో సగం కూడా ఉందని తెలుస్తుంది. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని, తెలుగూ కన్నడమూ కలిసి నడిచే ఈ పల్లెల్లో ఫోనైనా, బోరు మోటారైనా, ఎరువు మూటైనా ధర రాసి ఉన్న వస్తువుగానే కొంటారు. టమోటా, మామిడి మాత్రం ఏ ధరా రాయని సరుకుగా అమ్ముతారు. తేడా డబ్బు కొనేవాడికి ముందు దక్కింది. పండించేవాడి దాకా రావడానికి చాలా కాలం పట్టింది. ఆ ఆలస్యం గురించే నా బాధంతా.

ముందు కొనే వైపు చూద్దాం. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు బేరమాడటం మానేశారు. వాళ్ల గురువు జార్జ్ ఫాక్స్ వర్తకులకు చెప్పింది ఒకటే: ఎంతకు ఇస్తారో అంతే చెప్పండి. పది రూపాయలకు ఇచ్చేదాన్ని పదిహేను అనడం అబద్ధమే కదా అన్నది వాళ్ల పట్టు. నష్టపోతారని ఊరంతా అనుకుంటే వాళ్ల అంగళ్లకే గిరాకీ పెరిగింది, చిన్నపిల్లను పంపినా మోసం జరగదని నమ్మకం కలిగింది కాబట్టి. 1846లో న్యూయార్కులో పాలరాతి అంగడి తెరిచిన ఎ. టి. స్టీవర్ట్, 1852 నుంచి పారిస్‌లో బాన్ మార్షే అంగడిని పెంచిన అరిస్టీడ్ బూసికో, ఫిలడెల్ఫియాలో జాన్ వానమేకర్ ఆ పద్ధతినే పెద్ద వ్యాపారంగా మార్చారు. ధర చీటీ వచ్చింది. నచ్చకపోతే సరుకు తెచ్చి డబ్బు తీసుకెళ్లండి అన్న మాట కూడా వచ్చింది.

అక్కడే ఒక కొత్త రకం మనస్తాపం పుట్టింది. బేరంలో ఎవరి ధర వాళ్లది. పక్కవాడు తక్కువకు కొంటే వాడి నేర్పు. ఒకే ధర రాసి పెట్టాక నిన్న కొన్నవాడికీ ఇవాళ కొన్నవాడికీ మధ్య తేడా అందరి కళ్లకూ కనిపిస్తుంది. ఆ తేడా నేర్పు వల్ల వచ్చింది కాదు, కేవలం రోజు వల్ల వచ్చింది. మనసుకు ఎక్కువగా గుచ్చుకునేది అదే.

1925లో లండన్‌లో స్పెడన్ లూయిస్ నడిపిన పీటర్ జోన్స్ అంగడి ఈ మనస్తాపాన్ని ఒక హామీగా మార్చింది. తెలిసి తెలిసి ఇంకొకరి కంటే ఎక్కువకు అమ్మం, అదే సరుకు వేరే అంగట్లో తక్కువకు దొరుకుతుందని చూపిస్తే తేడా తిరిగి ఇస్తాం అన్నారు. తర్వాత జాన్ లూయిస్ అంగళ్లన్నింటికీ అది గుర్తుగా మారింది. దాదాపు వందేళ్లు నడిచాక 2022లో ఆపేశారు, 2024లో మళ్లీ మొదలుపెట్టారు. మంచితనం ఒక్కటే దీనికి కారణమని నేననుకోను. బయటి ధరలు ఎప్పటికప్పుడు చూసుకునే పనిని కొనేవాళ్లే ఇష్టంగా చేసిపెడతారు. అయినా ఫలితం కొనేవాడికి మేలే.

ప్రపంచమంతా చూసిన సంఘటన 2007లో జరిగింది. జూన్ 29న ఆపిల్ మొదటి ఐఫోన్ అమ్మకానికి పెట్టింది. 8 జీబీ ఫోను 599 డాలర్లు. సెప్టెంబరు 5న దాన్ని 399కి దించింది. రాత్రంతా క్యూలో నిలబడి కొన్నవాళ్లు మండిపడ్డారు. కొని పధ్నాలుగు రోజులు దాటనివాళ్లకు తేడా ఇచ్చే నియమం అప్పటికే ఉంది, కానీ మొదట కొన్న అభిమానులు ఎవరూ ఆ గడువులో లేరు. మరునాడే స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి, ముందు కొన్నవాళ్లకు ఆపిల్ అంగట్లో వాడుకునేలా 100 డాలర్లు ఇస్తామన్నాడు. తగ్గింది 200, ఇచ్చింది 100, అదీ నగదు కాదు. అయినా పెద్ద కంపెనీ ఒకటి చట్టం అడగకుండానే, గడువు దాటినవాళ్లకు కూడా తేడాలో సగం అప్పగించింది.

2015లో అమెరికాలో ఎరిక్ గ్లైమన్, కరీమ్ అతియే అనే ఇద్దరు యువకులు పారిబస్ అనే సేవను మొదలుపెట్టారు. కొన్నవాళ్ల ఈమెయిల్లో ఉన్న రసీదులను అది చదివేది, ఆ వస్తువుల ధరలను కనిపెట్టుకుని ఉండేది, తగ్గగానే అంగడికి తానే అర్జీ పెట్టి తేడా రాబట్టేది. మరుసటి ఏడాదే క్యాపిటల్ వన్ బ్యాంకు దాన్ని కొనేసింది. తేడా ఇస్తామన్న నియమం అంగళ్ల కాగితాల్లో ఎప్పటినుంచో ఉన్నా అడిగేవాళ్లు తక్కువ. అడిగే పనిని యంత్రానికి అప్పగించడమే వాళ్ల ఆవిష్కరణ.

మన దేశానికొస్తే, ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ అచ్చు వేయాలన్న నియమం 1990లో వచ్చింది. అది దాటకూడని హద్దు. దానికి లోపల అంగడివాడు ఎంత తగ్గించినా, నిన్న కొన్నవాడికి తేడా ఇవ్వాలని ఏ చట్టమూ చెప్పదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్ని, లోపమున్న సరుకును గడువులోగా వెనక్కి తీసుకోకపోవడాన్ని అన్యాయ వ్యాపారంగా లెక్కిస్తుంది. ధర తగ్గడం సరుకులో లోపం కాదు. కాబట్టి బిల్లు వెనక, లేదా అంగడి నిబంధనల్లో, తేడా ఇస్తామని రాసి ఉంటేనే అడిగేందుకు బలం. పెద్ద వస్తువు కొనే ముందు ఆ అక్షరాలు చదవడం, చదివించుకోవడం మంచిది.

పన్ను విషయంలో మాత్రం చట్టం ఒక అడుగు ముందుకేసింది. జీఎస్టీ చట్టం 171వ సెక్షన్ ప్రకారం పన్ను తగ్గితే ధర కూడా ఆ మేరకు తగ్గాలి. 2017 నవంబరులో చాలా వస్తువుల పన్ను 28 నుంచి 18 శాతానికి దిగినప్పుడు దీన్ని చూసుకోవడానికి ఒక ప్రత్యేక సంస్థనే పెట్టారు. పన్ను దిగాక కూడా పాత ధరకే అమ్మితే, ఎక్కువ తీసుకున్నది 18 శాతం వడ్డీతో కొన్నవాడికి తిరిగి ఇవ్వాలి. కొన్నవాళ్లెవరో తెలియకపోతే వినియోగదారుల సంక్షేమ నిధికి కట్టాలి. ఇళ్లు కట్టి అమ్మినవాళ్లు కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చిందీ ఈ సెక్షన్ వల్లే. 2025 ఏప్రిల్ నుంచి దీని కింద కొత్త ఫిర్యాదులు తీసుకోవడం ఆగింది. ఆ సెప్టెంబరు 22న ట్రాక్టరు మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. ఆ తేదీకి ముందు బిల్లు వేయించుకుని బండి ఇంటికి తెచ్చుకున్న రైతుకు ఏ తేడా రాదు. 171వ సెక్షన్ ఎప్పుడూ అతని కోసం కాదు. తగ్గిన తర్వాత కొన్నవాడి కోసమే.

ఇక అమ్మే వైపు. కోలారు మార్కెట్లో టమోటా 15 కిలోల బాక్సుల్లో వస్తుంది, మండీలో పాట పాడతారు. 2023 జూలైలో బాక్సు రెండు వేల రూపాయలు దాటింది. అదే టమోటా కోత కూలికి కూడా చాలక రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లూ ఈ జిల్లాకు కొత్త కాదు. ధర ఏ రోజుకారోజు పుడుతుంది. నిన్నటి పాటకూ ఇవాళ్టి పాటకూ మధ్య తేడా ఎవరిని అడగాలి? హామీ ఇచ్చినవాడే లేడు.

ఆ హామీ ప్రభుత్వం ఇవ్వాలన్న ఆలోచన రెండో ప్రపంచ యుద్ధం తర్వాతిది. బ్రిటన్ 1947 వ్యవసాయ చట్టంతో రైతుకు ధర పూచీ ఇచ్చింది; తర్వాత కొన్నేళ్లకు, మార్కెట్ ధర తగ్గితే ఆ తేడాను ఖజానా నుంచి కట్టడం మొదలైంది. కొనేవాడికి తిండి చవకగానే దొరికింది, రైతూ మునగలేదు. అమెరికాలో 1949లో వ్యవసాయ మంత్రి చార్లెస్ బ్రానన్ ఇలాంటి పథకమే పెడితే కాంగ్రెస్ తోసిపుచ్చింది, 1973లో చట్టమైంది. ఆ చట్టం పేరులోనే వ్యవసాయమూ వినియోగదారుల రక్షణా రెండూ ఉన్నాయి.

మన దగ్గర 2017 అక్టోబరులో మధ్యప్రదేశ్ భావాంతర్ పథకం మొదలుపెట్టింది. మద్దతు ధరకూ మార్కెట్ ధరకూ తేడాను రైతు ఖాతాలో వేస్తామంది. పథకం నడిచే వారాల్లోనే అందరూ సరుకు తేవడంతో ధరలు పడిపోయాయి, ప్రభుత్వం ఎలాగూ కడుతుందని వర్తకులు పాట తగ్గించారన్న విమర్శ బలంగా వచ్చింది.  తర్వాత వచ్చిన పథకాల్లో ఇచ్చే తేడాకు పరిమితి పెట్టారు.

పండ్లకు, కూరగాయలకు ఆ దారి 2025లో తెరుచుకుంది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం నియమాలు మార్చి, సరుకు కొనకుండా తేడానే నేరుగా రైతు ఖాతాలో వేసే వీలు రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ వేసవిలోనే తోతాపురి మామిడి ధర కుప్పకూలింది. కోలారు జిల్లాలోని శ్రీనివాసపురం, ముళబాగిలు తోటల కాయకు ఆధారం చిత్తూరు జిల్లా గుజ్జు ఫ్యాక్టరీలు. తమ రైతులకు ఫ్యాక్టరీల నుంచి కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం నుంచి 4 రూపాయలు ఏర్పాటు చేసుకున్న ఆంధ్ర వైపు, పొరుగు కాయ వస్తే ఆ లెక్క తప్పుతుందని జూన్ 7న చిత్తూరు కలెక్టరు కర్ణాటక కాయను అడ్డుకున్నారు. దీని మీద కర్ణాటక ముఖ్యమంత్రి సిద్దరామయ్య ఆంధ్ర ముఖ్యమంత్రి చంద్రబాబుకు లేఖ రాశారు. ఒకే భాష మాట్లాడుకుని, ఒకే రకం కాయ పండించే పల్లెల మధ్య పోలీసులు లారీలు ఆపడం చూసి చాలామందికి కడుపు రగిలింది. రెండు వైపులా రైతుది తప్పు కాదు; తేడా కట్టే చేయి సరిహద్దు దగ్గరే ఆగిపోయింది.

ఆ జూన్ నెలాఖరుకు కేంద్రం కర్ణాటక తోతాపురికి క్వింటాలుకు 1,616 రూపాయల ధర ఖాయం చేసి, రెండున్నర లక్షల టన్నుల దాకా తేడా చెల్లింపుకు ఒప్పుకుంది. ఖర్చు కేంద్రం, రాష్ట్రం చెరిసగం. తేడాకు పరిమితి ఆ ధరలో నాలుగో వంతు, అంటే 404 రూపాయలు. క్వింటాలు 1,300కు అమ్మినవాడికి 316 వస్తుంది, లోటు పూడుతుంది. 600కు అమ్మినవాడికి 404 కలిపినా 1,004 మాత్రమే.

ఇక్కడ కూడా కాగితం కావాలి. భూమి వివరాల నమోదు, అమ్మిన చీటీ, బ్యాంకు ఖాతా ఉన్నవాడే అర్హుడు. పూత మీదే తోటను వ్యాపారికి గుత్తకు ఇచ్చేసిన రైతు పేరున అమ్మకం చీటీ ఉండదు. కౌలుకు చేసేవాడి పేరున పొలం ఉండదు. వాళ్లను ఈ లెక్కలోకి తీసుకురావడమే ఇప్పుడు మిగిలిన పని. గుత్త ఒప్పందాన్ని, కౌలు ఒప్పందాన్ని రాతలో పెట్టించి, తోట కాయ కోసేలోపే నమోదు చేయించడం గ్రామ పంచాయతీ స్థాయిలోనే చేయగలిగిన పని.